మూడు తీర్పులు, ఒక చీనీ తోట

వకీళ్లకు రిటైర్మెంటు ఉండదని అందరూ అంటారు. శుద్ధ అబద్ధం. వకీలుకు ఉండకపోవచ్చు గానీ వకీలు మోకాళ్లకు ఉంటుంది. పులివెందుల కోర్టులో నేను మెట్లెక్కి పైకి పోయేసరికి నా కేసు పిలవడమూ అయిపోయింది, వాయిదా వేయడమూ అయిపోయింది. ఇంక చాలు తల్లీ అనుకుని ఆ సాయంత్రమే నల్లకోటు ఉతికించి బీరువాలో పెట్టేశాను. ప్రొద్దుటూరులో మా ఇంటి ముందున్న బోర్డు మాత్రం తీయలేదు. తీస్తే గోడకు తెల్లగా మచ్చ పడుతుందని మా ఆయన భయం.

ఆ బోర్డు చూసి ఇప్పటికీ కొత్త వకీళ్లు వస్తుంటారు. ఎక్కువగా ఆడపిల్లలే. నేను చేరినప్పుడు బార్ రూములో ఆడవాళ్లం ఇద్దరమే, మాకు కుర్చీ ఒకటే. ఇప్పుడీ పిల్లలను చూస్తే నాకు భలే సంతోషం. అయితే అందరిదీ ఒకటే ప్రశ్న. "మేడమ్, సుప్రీంకోర్టు తీర్పులు దినామూ వస్తానే ఉండాయి. పొద్దున లేస్తానే ఫోన్లో పది ఉంటాయి. అన్నీ ఎట్ల గుర్తుపెట్టుకునేది?"

గుర్తుపెట్టుకోవద్దు అంటాను. నవ్వుతారు. పెద్దామె ఏదో ఎగతాళికి అంటోందనుకుంటారు. అందుకే కుదురుగా కూర్చుని రాస్తున్నాను. నేను ఎన్ని కేసులు గెలిచానో ఇందులో ఉండదు. ఒక కేసులో నేను ఎంత పొరపాటు చేశానో ఉంటుంది.

కింది పేరా

నా సీనియర్ రంగయ్యగారు. సన్నగా ఉండేవాడు, గొంతు మాత్రం రెండు వీధులకు వినపడేది. ఆయన దగ్గర చేరిన రెండో ఏడు, జమ్మలమడుగు కోర్టులో నాకు తొలిసారి ఒంటరిగా వాదించే అవకాశం ఇచ్చాడు. రెండిళ్ల మధ్య మూడడుగుల సందు. మా కక్షిదారు ఆ సందులో నడిచే హక్కు తనదంటాడు, పక్కింటాయన కాదంటాడు.

అప్పట్లో తీర్పులు నెలకొకసారి పుస్తకంగా వచ్చేవి. ప్రతి తీర్పు నెత్తిమీద నాలుగైదు వాక్యాల్లో సారాంశం అచ్చేస్తారు, దాన్ని హెడ్‌నోట్ అంటాం. బద్ధకస్తులైన వకీళ్లకు అది దేవుడిచ్చిన వరం. ఇరవై ఏళ్లు అడ్డులేకుండా నడిస్తే దారి హక్కు వస్తుందని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పొకటి నాకు దొరికింది. పొంగిపోయాను. కోర్టులో నిలబడి హెడ్‌నోట్ గట్టిగా చదివాను. జడ్జిగారు మెత్తగా నవ్వాడు.

"బాగుందమ్మా. పుస్తకం చేతిలోనే ఉంది కదా, లోపల ఆ కింది పేరా కూడా చదవండి."

చదివాను. పక్కవాళ్లు దయతలచి పొమ్మంటే నడిచిన నడక ఎన్నేళ్లయినా హక్కు కాదని ఉందక్కడ. మా కక్షిదారు బోనులో నిలబడి ఏమన్నాడు? "పక్కింటాయన మంచోడు సార్, పోండప్పా అన్న్యాడు, పోతాండాం" అన్నాడు. నా తీర్పుతో నేనే నా కేసును పూడ్చిపెట్టాను. బార్ రూములో నెలరోజులు ఇదే నవ్వులాట.

రంగయ్యగారు బస్సులో దారంతా పేపరు చదువుకున్నాడు. ప్రొద్దుటూరు బస్టాండులో దిగాక అందుకున్నాడు. "ఏమ్మే, పెండ్లిచూపులకు పోయినావా, మొగం మాత్రం జూసొచ్చేకి? రేపట్నుంచి ఏ తీర్పయినా కడాకు చదువు. చదివినాక మస్తానుకు చెప్పు. వానికి అర్థమైతేనే నీకు అర్థమైనట్లు."

మస్తానన్న పరీక్ష

మస్తానన్న మా ఆఫీసు గుమాస్తా. నాకంటే ఆరేళ్లు పెద్ద. వాళ్ల నాయన దర్జీ, తమ్ముళ్లిద్దరూ కువైట్‌లో పని చేస్తారు, ఈయన మాత్రం కోర్టు కాగితాలు వదిలి పోలేదు. ఏడో తరగతితో చదువు ఆపేసినా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు కోర్టుల్లో ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. రంగయ్యగారు పోయాక ఆ ఆఫీసుతో పాటు మస్తానన్న కూడా నాకు వచ్చాడు. ఆయనను అడిగితే, లాయరమ్మే నాకు వచ్చింది అంటాడు.

ఆ పరీక్ష మాత్రం మేం ఎన్నడూ మానలేదు. పొద్దున టీ తాగేటప్పుడు కొత్త తీర్పు ఒకటి ఆయనకు చెప్పాలి. ఇంగ్లీషు వాడకూడదు. రెండు వాక్యాలు దాటకూడదు. ఆయన ఒక ప్రశ్న అడుగుతాడు లేదా ఒక మాట అంటాడు. దాన్నిబట్టి నాకు అర్థమైందో లేదో తేలిపోతుంది.

ఫోన్‌లో రికార్డు చేసిన మాట సాక్ష్యం కావాలంటే దానికి చట్టం చెప్పిన సర్టిఫికెట్ జతచేయాలని తీర్పు వచ్చింది. "అంటే ఫోను గూడా మనిషి మాదిరి ప్రమాణం జేసి చెప్పల్లంటారు" అన్నాడు. మనిషి సొంత బతుకు గోప్యంగా ఉంచుకోవడం ప్రాథమిక హక్కు అని పెద్ద బెంచి తేల్చినప్పుడు, "ఈ తీర్పు మా వీధికి ఎప్పుడొస్తాది మేడమ్?" అన్నాడు. అరెస్టు చేస్తే ఎందుకు చేశారో కాగితం మీద రాసివ్వాలని చెప్పిన తీర్పుకు చాలాసేపు తల గోక్కుని, "రాసియ్యాలంటే ముందు వాళ్లకు తెలిసుండల్ల గదా" అన్నాడు. టీ తాగుతున్న నాకు పొలమారింది.

ఒక్కసారి మాత్రం వేళాకోళం చేయలేదు. విడాకులైన ముస్లిం స్త్రీ కూడా అందరు ఆడవాళ్ల మాదిరే మామూలు చట్టం కింద భరణం అడగవచ్చని సుప్రీంకోర్టు చెప్పిన రోజు. విన్నాడు. గ్లాసు కింద పెట్టాడు. "మా చిన్నమ్మ ఉన్నప్పుడు ఈ మాట ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు మేడమ్" అని లేచి లోపలికి పోయాడు.  

పిల్లలూ, మీరు తీర్పులు గుర్తుపెట్టుకోవద్దన్నది ఇందుకే. మీకొక మస్తానన్నను వెతుక్కోండి. ఆయనకు చెప్పగలిగింది ఎటూ గుర్తుంటుంది. చెప్పలేనిది గుర్తున్నా కోర్టులో అక్కరకు రాదు.

అయితే ఆయన ప్రశ్న అడిగితే జవాబు వెతకాలి. నేను ఒకసారి వెతకలేదు.

చెట్లు గావల్ల

పులివెందుల నుంచి గండికి పోయే దారిలో ఒక పల్లె. అక్కడి ఓబుళమ్మ మా ఆఫీసుకు వచ్చేనాటికి ఆమెకు యాభై దాటింది. పులివెందులలో అంతమంది వకీళ్లుండగా ప్రొద్దుటూరు దాకా ఎందుకు వచ్చావంటే, "ఆడ అందరూ మా తమ్ముని అంగట్లో ఎరువులు కొనేవాళ్లేనమ్మా" అంది. తమ్ముని పేరు గంగయ్య.

వాళ్ల నాయన వదిలిపోయిన తాతల నాటి పొలం ఎనిమిదెకరాలు. నాలుగెకరాలు చీనీ తోట, అంటే బత్తాయి, అందులో బోరు. పైనున్న నాలుగెకరాలు రాళ్ల మిట్ట, వాన పడితే ఉలవలు, పడకపోతే అవీ లేవు. ఓబుళమ్మకు చిన్నప్పుడే పెళ్లయి, మూడేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఆ తోట నాయనతో కలిసి ఆమె పెట్టిందే. బోరు పడేదాకా మొక్కమొక్కకూ బిందెతో నీళ్లు మోసింది. చచ్చిన చెట్టు చోట కొత్త మొక్క పెడుతూ ఇన్నేళ్లూ తోటను నిలబెట్టింది. తమ్ముడు పట్నంలో అంగడి పెట్టుకున్నాడు, పొలం పాస్‌బుక్కు మాత్రం తన పేరున చేయించుకున్నాడు. ఇప్పుడు తోట అమ్ముతానంటున్నాడు. ఆడబిడ్డకు భాగమేందీ అంటున్నాడు.

"నీకేం కావాలి?" అని అడిగాను.

"నాకు దుడ్లొద్దు లాయరమ్మా. నా చెట్లు గావల్ల."

అడిగింది సులభమే. చట్టం దగ్గరే చిక్కు. కూతుళ్లకు కొడుకులతో సమాన భాగం ఇస్తూ మన రాష్ట్రం ముందే చట్టం చేసింది గానీ, అది వచ్చేనాటికి పెళ్లికాని వాళ్లకే. ఓబుళమ్మకు అప్పటికే పెళ్లయి ఉంది. తర్వాత ఢిల్లీ వాళ్లు పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ సమానమని చట్టం మార్చారు. కానీ ఆ మార్పు వచ్చేనాటికి వాళ్ల నాయన పోయి కొన్నేళ్లయింది.

నాయన ముందే పోయాడు కాబట్టి పాత లెక్క అంటే, తండ్రీ కొడుకులకు చెరి సగం. ఆ తండ్రి సగంలో మళ్లీ కొడుకూ కూతురూ చెరి సగం. ఓబుళమ్మకు నాలుగో వంతు. కొత్త లెక్క అంటే నేరుగా సగం. సగం వస్తే తోటలో సగం అడగవచ్చు, చెట్లు నిలుస్తాయి. నాలుగో వంతయితే గంగయ్య ఆమె మొహాన రాళ్ల మిట్ట కొడతాడు, తోట చేయి జారిపోతుంది. ఇంతే కేసు.

సగం కావాలని దావా వేశాను.

మొదటి తీర్పు

వాదనలు జరుగుతుండగా సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీల బెంచి తీర్పు వచ్చింది. కొత్త చట్టం వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉంటేనే కూతురికి సమాన భాగం. ఈసారి నేను హెడ్‌నోట్‌తో ఆగలేదు. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా రెండుసార్లు చదివాను. తప్పించుకునే సందు లేదు. పొద్దున మస్తానన్నకు చెప్పాను.

ఆయన టీ తాగడం ఆపాడు. "మేడమ్, నాకొకటి అర్థం కాలేదు. నాయన ఎప్పుడు సచ్చిపోయినాడనేదాన్ని బట్టి బిడ్డ బిడ్డయితాదా, కాకుండా పోతాదా? కొడుక్కు అట్ల లేదు గదా?"

నాకు చిరాకేసింది. అప్పటికే కేసు పోయిందన్న దుఃఖంలో ఉన్నాను. "ఢిల్లీలో కూర్చున్న పెద్దవాళ్లకు తెలీదా మస్తానన్నా, నీకు తెలుసా?" అన్నాను. ఆయన గ్లాసులు తీసుకుని లేచాడు.

ఆ ప్రశ్న కాగితం మీద రాసి పెట్టుకోవాల్సింది. అదే ప్రశ్న దేశంలో ఎక్కడెక్కడి కోర్టుల్లోనో వకీళ్లు అడుగుతున్నారని, ఒకనాటికి అది పెద్ద బెంచి ముందుకు పోతుందని నాకు తట్టలేదు. సుప్రీంకోర్టు అంటే ఆఖరి మాట అని మాకు నేర్పారు. ఆఖరి మాటే, కాదనను. అయితే ఆ ఆఖరి మాటను మళ్లీ విని సరిదిద్దుకునే ఓపిక కూడా ఆ కోర్టుకే ఉందని నాకెవరూ నేర్పలేదు.

పులివెందుల జడ్జిగారు ఆ తీర్పు ప్రకారమే నాలుగో వంతు ఇచ్చాడు. అది ప్రాథమిక డిక్రీ. ఎవరికెంత అన్నది అందులో ఉంటుంది. ఏ గట్టు ఎవరిదో కొలిచి రాయి పాతించేది తుది డిక్రీ. ఆ రెంటికీ నడుమ ఏళ్లు గడుస్తాయి. అది మన కోర్టుల జబ్బు అని నేను జీవితమంతా తిట్టాను. ఆ జబ్బే మమ్మల్ని కాపాడుతుందని ఎవరు కలగన్నారు!

పూత మీదుండాది

తుది డిక్రీకి నేనే పిటిషన్ వేశాను. వచ్చిన నాలుగో వంతయినా త్వరగా ఇప్పిద్దామని నా తాపత్రయం. పొలం కొలవడానికి కోర్టు ఒక కుర్ర వకీలును కమిషనర్‌గా వేసింది. మెరిసే బూట్లు వేసుకుని సర్వేయరును వెంటబెట్టుకుని పోయాడు. గంటలో తిరిగొచ్చాడు. ఓబుళమ్మ తోట గేటు దగ్గర అడ్డం నిలబడిందట.

"పూత మీదుండాది నాయనా తోట. ఇంతమంది దూరి గొలుసులు లాగితే పూత రాలదా? అట్ల చెట్టు కింద కూర్చోండి, మజ్జిగ తెస్తా."

రెండోసారి పోతే పిందె మీదుంది. మూడోసారి పోతే మందు కొట్టారు, లోపలికి పోతే కళ్లు మండుతాయి. నాలుగోసారి నీళ్లు ఆపి చెట్లను బెట్టకు పెట్టారు, ఎవరూ కదిలించకూడదు. కమిషనర్ ప్రతిసారీ మజ్జిగ తాగొచ్చి బుద్ధిగా రిపోర్టు రాశాడు. జడ్జిగారు కళ్లజోడు పైనుంచి నన్ను చూశాడు. "పిటిషన్ వేసింది మీ కక్షిదారే, అడ్డం పడేదీ మీ కక్షిదారేనా అమ్మా?"  చీనీకి ఇన్ని అవస్థలుంటాయని నాకూ అప్పుడే తెలిసింది.

ఇట్లా రెండేళ్లకు పైగా నడిచాక గంగయ్య రాజీకి వచ్చాడు. నాలుగో వంతుకు రెండెకరాలైతే, తాను మూడిస్తానన్నాడు. అన్నీ మిట్టమీదే, చెట్టు ఒక్కటి లేదు. నాకది గొప్ప బేరమనిపించింది. చట్టం ఇచ్చేదానికంటే ఎకరం ఎక్కువ! ఓబుళమ్మను పిలిపించి కూర్చోబెట్టి పొద్దంతా నచ్చజెప్పాను. రాజీ కాగితం నాలుగుసార్లు మార్చి టైపు చేయించాను. ఆమె అంతా విన్నది. "సరేలేమ్మా" అంది.

రాజీ రోజున గంగయ్య ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలు వేసుకుని సాక్షులతో వచ్చాడు. ఓబుళమ్మ రాలేదు. ఫోన్ ఆపేసి ఉంది. సాయంత్రం దాకా కోర్టు వరండాలో నిలబడ్డాను. జడ్జిగారు వాయిదా వేసి లేచిపోయాడు. గంగయ్య నా మీద జాలిపడ్డాడు. "మా యక్క అంతే లాయరమ్మా. నాకు చిన్నప్పట్నుంచి తెల్సు." తర్వాత తెలిసింది, ఆమె గండి ఆంజనేయస్వామి గుడికి పోయి కూర్చుందని!

వారం తర్వాత చీనీకాయల సంచితో మా ఆఫీసుకు వచ్చింది. నేను అరిచిన అరుపులు వీధి చివరి జిరాక్స్ అంగడిదాకా వినపడ్డాయట. రంగయ్యగారి గొంతు నాకు వచ్చిందని ఆరోజు అందరూ ఒప్పుకున్నారు.

"మస్తానన్నా, ఈమె కేసు కట్ట తీసుకురా. ఇచ్చి పంపిద్దాం. ఇంకో లాయర్ని చూసుకోనీ!"

మస్తానన్న లోపలికి పోయి, కొంతసేపటికి ఉత్తచేతులతో వచ్చాడు. "కట్ట కనపళ్లేదు మేడమ్."

"నిన్న నీ చేతిలోనే చూశాను కదా!"

"నిన్న ఉండె."

ఓబుళమ్మ ఏం మాట్లాడకుండా ఒక చీనీకాయ వలిచి తొనలు నా బల్లమీద పెట్టింది. కోపంలోనే తిన్నాను. తియ్యగా ఉంది, ఏం చేయను?

ఆ కట్ట ఎన్నాళ్లకు కనపడిందో చెబుతాను.

ముగ్గురు కూర్చున్నాక

ఆ రాజీ చెడిన కొన్నాళ్లకు సుప్రీంకోర్టులో ఇంకో ఇద్దరు జడ్జీల బెంచి నుంచి తీర్పు వచ్చింది. చట్టానికి ముందే తండ్రి పోయిన ఇంట్లో కూతుళ్లకు సమాన భాగం ఇచ్చారు. నేను తల పట్టుకున్నాను. ఇద్దరు కాదన్నారు, ఇంకో ఇద్దరు అవునన్నట్టుంది. కింది కోర్టు ఎవరి మాట వినాలి? దీన్ని ముగ్గురు జడ్జీల బెంచికి పంపారని మస్తానన్నకు చెబితే, "ముందే ముగ్గురు కూచోనుంటే సరిపోయుండు గదా మేడమ్" అన్నాడు. మరుసటి రోజు ఓబుళమ్మ కట్ట నా బల్లమీద ఉంది. ఎక్కడ దొరికిందని నేను అడగలేదు.

ఆ ముగ్గురి తీర్పు కరోనా ఏట వచ్చింది. కోర్టులు మూసేసి ఉన్నాయి, ఇంట్లో ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. మస్తానన్న ఫోన్ చేశాడు. "మేడమ్, ఆడబిడ్డల తీర్పు వచ్చిందంట. ఫోన్లో తిరగతాండాది." ఆ రోజుల్లో ఫోన్‌లో తిరిగేదంతా నమ్మితే కషాయంతోనే బతికి ఉండేవాళ్లం. తీర్పు పూర్తిపాఠం తెప్పించుకుని రెండు రోజులు కూర్చుని చదివాను. చదివి ఆయనకు ఫోన్‌లోనే చెప్పాను.

"కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది. చట్టం వచ్చిన రోజుకు నాయన ఉన్నాడా లేడా అన్నది లెక్కే కాదు. తుది డిక్రీ కాని కేసుల్లో భాగం మార్చుకోవచ్చు మస్తానన్నా. మనది తుది డిక్రీ కాలేదు!"

మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను.

"నువ్వు అప్పుడు అడిగింది ఇదే" అన్నాను. నాకు సిగ్గుగా ఉంది. "నేనే కసురుకున్నాను."

"నాకేం దెల్సు మేడమ్. నాకు ముగ్గురూ ఆడబిడ్డలే గదా, అందుకని అడిగినా."

ఏడుపొచ్చింది నాకు. ఆ పూటా నా ముందు ఉల్లిగడ్డలే ఉన్నాయి, వాటివల్ల అని మా ఆయనతో చెప్పాను.

కోర్టులు తెరిచాక డిక్రీ మార్చమని పిటిషన్ వేశాను. గంగయ్య తరఫు వకీలు లేచి, అసలు ఈ భూమి ఎప్పుడో పెద్దమనుషుల ముందర నోటిమాటగా పంచుకున్నారని కొత్త కథ ఎత్తుకున్నాడు. నోటి పంపకాన్ని ఊరికే నమ్మరాదని, ప్రభుత్వ కాగితాల్లాంటి గట్టి రుజువు ఉండాలని కూడా ఆ ముగ్గురే చెప్పారు. ఆ పేరా తీసి చదవబోతున్నాను. జడ్జిగారు చేయి ఎత్తాడు. "అంత పంపకం జరిగి ఉంటే ఇన్నేళ్లుగా మీ జవాబులో ఒక్క ముక్క కూడా ఎందుకు రాయలేదండీ?" అని ఆయననే అడిగాడు. ఆయన కాగితాలు తిప్పాడు, ఇంకా తిప్పాడు, కూర్చున్నాడు.

ఓబుళమ్మకు సగం వచ్చింది.

వరండాలో ఆమె చేయి పట్టుకున్నాను. ఇన్నేళ్లూ అడగాలనుకుని అడగనిది అడిగాను. "రాజీ రోజు ఎందుకు రాలేదు? ఇట్లాంటి తీర్పు వస్తుందని నీకేమన్నా కల వచ్చిందా?"

"కల యాడిదమ్మా. నువ్వు పొద్దంతా కూర్చోని రాసినావు. కష్టపడినావు. నీ మొగం మీద నాకొద్దని ఎట్ల జెప్పేది? అందుకే గండికి పోయినా. ఆడైతే సంతకం పెట్టమని ఎవరూ అడగరు."

నా జీవితంలో నాకు తగిలిన పెద్ద దెబ్బ ఇదే. నేను బాగా చదివిన తీర్పు, నేను బాగా రాసిన కాగితం, రెండూ కలిపి ఆమె తోటను ఆమె చేతే వదిలించబోయాను. ఆమెకు కావాల్సింది మొదటిరోజే చెప్పింది. చెట్లు గావల్ల అంది. నేను ఎకరాలు లెక్కపెట్టాను.

కాబట్టి పిల్లలూ, మీ కక్షిదారు వాయిదాకు రాకపోతే తిట్టవద్దు. పేదవాళ్లు, ఆడవాళ్లు, చదువు లేనివాళ్లు మన మొహం మీద కాదనలేరు. సరేలేమ్మా అంటారు. ఆ సరేలో కాదు ఎంత ఉందో మనమే వెతుక్కోవాలి. వకీళ్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని ఈ మధ్య సుప్రీంకోర్టు చెప్పినప్పుడు బార్ రూములో స్వీట్లు పంచారు. నేనూ ఒకటి తిన్నాను, కాస్త తలవంచుకునే తిన్నాను. ఓబుళమ్మ నామీద కేసు వేసి ఉంటే న్యాయంగా ఆమే గెలిచేది.

రాయి పాతిన రోజు

కొలతలకు మళ్లీ కమిషనర్ వచ్చాడు. ఆ కుర్రవాడే. ఇప్పుడు కాస్త పొట్ట వచ్చింది, బూట్ల బదులు చెప్పులు వేసుకొచ్చాడు. నాకిది చివరి కేసు. మోకాళ్లు మొత్తుకుంటున్నా మస్తానన్నను తోడు తీసుకుని తోటకు పోయాను.

ఓబుళమ్మ గేటు బార్లా తెరిచి పెట్టింది. "ఈ పొద్దు పూత లేదు, పిందె లేదు, మందు లేదు. కానీండి" అంది. కమిషనర్‌కు నవ్వు ఆగలేదు. మిట్టను రెండు చేశారు. తోటను నడిమధ్య రెండు చేశారు. ఎగువ సగం ఓబుళమ్మకు, బోరు ఆ సగంలోనే. దిగువ సగం గంగయ్యకు. ఓబుళమ్మ తన వరుసలో మొదటి చెట్టు మొదలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఎండుపుల్ల ఒకటి విరిచి పారేసి, పక్క చెట్టుకు పోయింది.

గంగయ్య బోరు వైపే చూస్తున్నాడు. ఆమె గమనించింది.

"నీళ్లకు దిగులు పడొద్దులే. దినం మార్చి దినం నీ పక్కకు ఇడుస్తా. మన కోర్టు సంగతి చెట్లకేం దెల్సు?"

గంగయ్య తల దించుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. ఇన్నేళ్లలో ఆయన నాతో నేరుగా మాట్లాడింది తక్కువే.

"లాయరమ్మా, ఆ ఆడబిడ్డల తీర్పు కాపీ ఒకటి నాకిస్తావా?"

"ఎందుకు గంగయ్యా, అప్పీలుకా?"

"అప్పీలు యాడిదిలేమ్మా." తన వెంట వచ్చిన కొడుకు వైపు చూశాడు. ఆ అబ్బాయి అప్పుడే పాతిన రాయి పక్కన నిలబడి, తమకెన్ని చెట్లు వచ్చాయో ఫోన్‌లో ఎవరికో చెబుతున్నాడు. గంగయ్య గొంతు తగ్గించాడు. "నాకొక ఆడబిడ్డ ఉండాది గదా. నేను బోయినాక వీడు గూడా నా మాదిరే మాట్లాడితే, ఆ పిల్ల చేతిలో ఏదన్నా ఉండల్ల."

 సంచిలోంచి నా కాపీ తీసి ఆయన చేతిలో పెట్టాను. మస్తానన్న వెనక్కి తిరిగి, బోరు స్టార్టర్ ఏ కంపెనీదో శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

చెట్టు చాటునుంచి ఓబుళమ్మ అంతా విన్నదని, ఆమె గొంతు వినపడితే గానీ మాకు తెలియలేదు.

"రేపు ఆ పిల్లను తోటకు పంపు గంగయ్యా. ఏ చెట్టుకు ఎప్పుడు నీళ్లు పెట్టల్లో, ఎప్పుడు నిలపల్లో జూపిస్తా. కాగితమొకటే ఇస్తే ఆ పిల్ల ఏం జేసుకుంటాది?"